ఫ్లోరైడు నీరు: పరిశోధనలు సాధించినది, విడిచిపెట్టినది

బావినుండి తోడిన నీరు తేటగా ఉన్నచో అది మంచినీరే అని లోకమున ఒక నమ్మకము కలదు. చెరువునీటిని గుడ్డతో వడగట్టి త్రాగెడి జాగ్రత్తపరుడు సైతము అద్దమువలె మెరయు బావినీటిని అనుమానింపడు. నల్లగొండ ప్రాంతపు కష్టమునకు మూలము ఇక్కడనే ఉన్నది. అచటి నీటికి రంగు లేదు; వాసన లేదు; రుచిలో చెప్పుకోదగిన తేడా లేదు. అయినను ఆ నీటిని త్రాగి పెరిగిన పిల్లల పండ్లపై మొదట సుద్దవంటి తెల్లని మచ్చలు, పిదప గోధుమరంగు చారలు ఏర్పడినవి. నడివయసు రాకముందే ఎందరికో మెడ తిరుగక, నడుము వంగక, వెన్నెముక కర్రవలె బిగిసిపోయినది.

కంటికి, నాలుకకు దొరకని దోషమును పట్టి చూపుట శాస్త్రమునకు మాత్రమే సాధ్యము. కాబట్టి ఇట్టి చోట పరిశోధకుని బాధ్యత మిక్కిలి పెద్దది. ఎనిమిది దశాబ్దులకు పైగా వైద్యులు, రసాయనశాస్త్రజ్ఞులు, భూగర్భశాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు ఈ నీటిని పరీక్షించినారు. విశ్వవిద్యాలయములలో ఈ విషయమై సిద్ధాంత వ్యాసములు వెలువడుచునే యున్నవి. వారి శ్రమను మెచ్చుకొనుట ఎంత న్యాయమో, అందు ఏది ప్రజలకు ఉపకరించినది, ఏది కాగితముపైననే నిలిచినది అని తూచి చూచుటయు అంతే న్యాయము. శాస్త్రమునకు విమర్శ శత్రువు కాదు. అది దాని రెండవ కన్ను.

సమస్య స్వరూపము

ఫ్లోరిన్ అను మూలకము ప్రకృతిలో ఒంటరిగా దొరకదు. ఫ్లోరైటు, ఎపటైటు, బయొటైటు అను నల్ల అభ్రకము మొదలగు ఖనిజములలో అది ఇతర మూలకములతో కలిసి యుండును. గ్రానైటు రాళ్లలో ఈ ఖనిజములు సాధారణముగా కనబడును. వాననీరు నేలలోనికి ఇంకి, రాతి పగుళ్లలో ఏళ్లతరబడి నిలిచినప్పుడు ఫ్లోరైడు కొద్దికొద్దిగా అందులో కరగును.

ఎంత కరగునన్నది రాతిపైననే ఆధారపడదు. నీటిలోని కాల్షియము ఇందుకు ఒక కళ్లెమువంటిది. కాల్షియము, ఫ్లోరైడు కలిసినప్పుడు కాల్షియము ఫ్లోరైడు అను తేలికగా కరగని పదార్థము ఏర్పడి అడుగున చేరును. సంతృప్త ద్రావణములో కాల్షియము గాఢతను ఫ్లోరైడు గాఢత వర్గముతో గుణించిన లబ్ధము, ఒక ఉష్ణోగ్రతవద్ద, స్థిరముగా ఉండును. అనగా కాల్షియము నాల్గవ వంతుకు తగ్గినచో నీరు రెండింతల ఫ్లోరైడును తనలో నిలుపుకొనగలదు. సోడియము బైకార్బొనేటు మెండుగానున్న క్షారపు నీటిలో కాల్షియము సున్నపురాయిగా విడిపోవును, కళ్లెము సడలును. అందుచేతనే సబ్బు బాగుగా నురుగునిచ్చు మెత్తని బావినీరు కొన్ని గ్రామములలో మిక్కిలి ప్రమాదకరమైనదిగా తేలినది. గృహిణి మంచిదని ఎంచిన లక్షణమే ఇచట చెడుకు గుర్తు.

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.0 మిల్లీగ్రాము మించరాదని, వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చునని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1984లో 1.5 మిల్లీగ్రాములను మార్గదర్శక పరిమితిగా ప్రకటించినది. ఆ పరిమితి దాటినకొలది పండ్లమచ్చలు హెచ్చును. 3 మొదలు 6 మిల్లీగ్రాముల నీటిని చాలకాలము త్రాగినచో ఎముకలకు వ్యాధి సోకవచ్చును. 10 దాటినచో మనిషి అవిటివాడగు ప్రమాదము కలదు.

తొలి వైద్యులు

మన దేశమున ఈ వ్యాధిని శాస్త్రీయముగా గుర్తించిన ఘనత 1937లో వెలువడిన పరిశోధనలకు చెందును. మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో హెచ్. ఇ. షార్ట్, ఆయన సహచరులు రోగులను పరీక్షించి, వారి ఎముకల గట్టిదనమునకు బావినీటిలోని ఫ్లోరైడు కారణమని నిరూపించినారు. ఆనాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు ఈ వ్యాధికి పేరుపడినవి. ఇవి 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినవి. ఆ బృందములో మద్రాసులో ఎక్స్‌రే శాస్త్రమునకు పునాది వేసిన టి. డబ్ల్యు. బర్నార్డు కూడ ఉండుట గమనింపదగినది. రోగి ఎముకల ఛాయాచిత్రము, అతడు త్రాగిన నీటి విశ్లేషణము – ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుటయే ఆ పనిలోని బలము.

1955లో డాక్టరు ఎ. హెచ్. సిద్దీఖీ నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసినారు. పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కుటచే కాళ్లు చేతులు చచ్చుపడు స్థితివరకు వ్యాధి పోగలదని లోకమునకు తెలిసినది. తరువాతి కాలమున హైదరాబాదులో నాడీశస్త్రవైద్యుడు డాక్టరు డి. రాజారెడ్డి ఈ నరముల బాధను దీర్ఘకాలము అధ్యయనము చేసినారు.

ఈ వైద్య పరిశోధనల విలువను ఎవరును కాదనరు. కాని వీటిలో ఒక కొరత కలదు. వైద్యుడు చూచినది ఆసుపత్రికి రాగలిగిన రోగిని. అప్పటికే అతని ఎముక పాడైనది. గట్టిపడిన వెన్నెముకను తిరిగి మెత్తపరచు మందు లేదు. వ్యాధిని పేరుపెట్టి పిలిచినంత మాత్రమున మరునాడు ఆ ఇంటి బిందెలోనికి వేరొక నీరు రాలేదు. 1937లో కారణము తెలిసినది. ఆ తరువాత పుట్టిన రెండు మూడు తరముల పిల్లలు అదే నీటిని త్రాగినారు. జ్ఞానమునకు, నివారణకు నడుమ ఇంత దూరము ఏల ఏర్పడినదన్న ప్రశ్నను ఆ వ్యాసములు వేసుకొనలేదు. అది వైద్యుని పని కాదని అనవచ్చును. అట్లయిన అది ఎవరి పని?

జొన్న, జలాశయము, మోకాళ్లు

ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చిన పరిశోధన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగినది. కె. ఎ. వి. ఆర్. కృష్ణమాచారి, కమల కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఒక కొత్త లక్షణమును వర్ణించినారు. ఫ్లోరైడు ప్రాంతపు బాలురలో మోకాళ్లు లోనికి వంగి ఒకదానినొకటి ఒరసికొనుచుండగా, పాదములు మాత్రము ఎడముగా నుండెను. పాత వర్ణనలలో ఎముక గట్టిపడుట ముఖ్యము. ఇచట ఎముక గుల్లబారుటయు కనిపించినది. పెద్దవారి వ్యాధిగా ఎంచబడినది ఎదిగెడి వయసు పిల్లలను కుంగదీయుచున్నదని తేలినది.

ఈ శాస్త్రజ్ఞులు నీటితో ఆగలేదు. ఆ పిల్లలు ఏమి తినుచున్నారని అడిగినారు. వారి ముఖ్యాహారము జొన్న. 1977లో ఆ సంస్థనుండియే వెలువడిన మరొక పరిశోధనలో వ్యాధిగల గ్రామముల ధాన్యములోని రాగి, మాలిబ్డినము, తుత్తునాగముల పాళ్లను వ్యాధిలేని గ్రామముల ధాన్యముతో పోల్చి చూచినారు. వ్యాధిగల చోట జొన్నలో మాలిబ్డినము హెచ్చుగా నుండెను. మాలిబ్డినము హెచ్చినచో శరీరమునుండి రాగి ఎక్కువగా వెడలిపోవును. రాగి లోపించిన ఎముక బలహీనపడును. ఈ మార్పుకు నాగార్జునసాగరము నిండిన పిమ్మట భూగర్భజలము పైకి వచ్చి, నేల క్షారత మారుట కారణము కావచ్చునని వారు ఊహించినారు. సాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు విడువబడినది. సిద్దీఖీగారి వ్యాసము, సాగరపు పునాదిరాయి ఒకే సంవత్సరమునకు చెందినవగుట విచిత్రమైన కలయిక.

ఇందులో ప్రతి మెట్టు సంపూర్ణముగా నిరూపింపబడినదని చెప్పరాదు. ధాన్యములోని తేడా కొలిచి చూపబడినది. జలాశయమునకు, ఆ తేడాకు గల సంబంధము మాత్రము బలమైన ఊహగానే నిలిచినది. అయినను ఈ పరిశోధనయే మొత్తము వరుసలో ఉత్తమమైనదని చెప్పవలసియున్నది. ఏలననగా, మనిషి ఒక్క నీటితో బ్రతుకడని, నీరు, నేల, పంట, పళ్లెము ఒకే గొలుసులోని కడియములని ఇది గుర్తించినది. ఒక పెద్ద ఆనకట్ట లాభనష్టములను లెక్కించునప్పుడు పిల్లల మోకాళ్లను కూడ లెక్కలో చేర్చవలెనని ఇది మొదటిసారిగా సూచించినది.

రాతిని పరీక్షించినవారు

నీటిలోనికి ఫ్లోరైడు ఎక్కడనుండి వచ్చుచున్నదన్న ప్రశ్నకు 1993లో మంచి సమాధానము దొరికినది. ఎన్. వి. రామమోహనరావు, ఆయన సహచరులు, నెదర్లాండ్సులోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయపు భూరసాయనశాస్త్రజ్ఞుడు ఆర్. డి. షూలింగ్‌తో కలిసి నల్లగొండ జిల్లా నీళ్లలో ఫ్లోరిన్ వ్యాప్తిని పరిశీలించినారు. అచటి గ్రానైటులో కిలోగ్రాముకు 325 మొదలు 3200 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నట్లు, సగటు 1440 అయినట్లు వారు చూపినారు. హైదరాబాదు గ్రానైటులలో ఈ సగటు 910 మాత్రమే. నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 0.4 నుండి 20 మిల్లీగ్రాముల వరకు ఉండెను.

ఈ వ్యాసపు గొప్పదనము అంకెలలో లేదు. వాటిని కూర్చిన తీరులో ఉన్నది. రాతిలో ఫ్లోరైడు హెచ్చు, రాతిలోను నేలలోను కాల్షియము తక్కువ, నీటిలో సోడియము బైకార్బొనేటు ఎక్కువ – ఈ మూడు కూడినచోట ప్రమాదము తప్పదని అది వివరించినది. ఒక ఊరిలో రెండు బావులు నూరు గజముల దూరములో నున్నను ఒకటి మంచిది, మరొకటి చెడ్డది ఏల కావచ్చునో దీనివలన అర్థమగును. కాని 0.4 నుండి 20 వరకు అన్న ఆ విస్తృతియే ఒక హెచ్చరిక. అంత వ్యత్యాసమున్న జిల్లాకు ఒక సగటు చెప్పుట నిరర్థకము. ప్రతి బావికి దాని లెక్క దానిదే.

నల్లగొండ పద్ధతి

ఇక చికిత్స సంగతి. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థకు చెందిన డబ్ల్యు. జి. నవలఖే, కె. ఆర్. బులుసు మొదలగువారు 1975లో ప్రకటించిన ఫ్లోరైడు తొలగింపు విధానము ఈ జిల్లా పేరుతోనే లోకమంతట ‘నల్లగొండ పద్ధతి’గా ప్రసిద్ధి చెందినది. ఇది సులభమైనది. నీటిలో కొంత సున్నము, కొంచెము బ్లీచింగ్ పౌడరు, తగినంత పటిక – అనగా అల్యూమినియము సల్ఫేటు – కలిపి పది నిమిషములు కదిలింపవలెను. అల్యూమినియము హైడ్రాక్సైడు దూదిపింజలవలె ఏర్పడి ఫ్లోరైడును తనతో పట్టుకొని అడుగునకు దిగును. గంటసేపు కదపక ఉంచి పైనున్న తేటను తీసికొనవలెను. విద్యుత్తు అవసరము లేదు. పటిక, సున్నము మన అంగళ్లలో దొరకును. బకెట్టు ఉన్న ప్రతి ఇంటికి అందుబాటులో నుండు శాస్త్రమును రూపొందించుట చిన్న విషయము కాదు. ఆ సంకల్పము మన పరిశోధన చరిత్రలో గౌరవింపదగినది.

అయినను ఈ పద్ధతి ప్రయోగశాలలో గెలిచి వంటింటిలో నిలువలేకపోయినది. కారణములను లెక్కవేసి చూడవచ్చును. ఫ్లోరైడు, క్షారత హెచ్చైన నీటికి లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాముల పటిక అవసరమగును. లీటరుకు 500 మిల్లీగ్రాములనుకొన్నచో, త్రాగుటకు వంటకు రోజుకు 40 లీటర్లు వాడు కుటుంబమునకు దినమునకు 20 గ్రాములు, సంవత్సరమునకు 7 కిలోల 300 గ్రాములు కావలెను. రెండువందల ఇండ్ల ఊరికి ఏడాదికి 1460 కిలోలు, అనగా సుమారు ఒకటిన్నర టన్ను. అంత పటికను ఎవరు తెచ్చి పంచుదురు? పటికను అనుసరించి ఏర్పడు మడ్డిని ఎక్కడ పారబోయుదురు? ఫ్లోరైడును పట్టుకొన్న ఆ మడ్డి పెరటిలోనే పడినచో అది తిరిగి నేలలోనికే చేరును.

ఇంకొక సంగతి. 500 మిల్లీగ్రాముల పటిక నీటిలో సుమారు 216 మిల్లీగ్రాముల సల్ఫేటును చేర్చును. భారతీయ ప్రమాణము సల్ఫేటుకు 200 మిల్లీగ్రాములు అంగీకార పరిమితిగా పెట్టినది. వేరు ఆధారము లేనిచోట 400 వరకు సహించును. అనగా ఒక దోషమును తొలగింపబోయి మరొక దానిని హద్దువరకు తెచ్చుచున్నాము. ఆమ్ల క్షార స్థితి సరిగా లేనిచో అల్యూమినియము కొంత ఫ్లోరైడుతో కలిసి కరిగిన రూపముననే నీటిలో మిగిలిపోవును. అల్యూమినియమునకు ప్రమాణము లీటరుకు 0.03 మిల్లీగ్రాము, తప్పనిసరి స్థితిలో 0.2. ఇంత సూక్ష్మపరిమాణమును ఏ ఇల్లాలు కొలువగలదు?

అసలైన లోపము ఇంకను లోతుగా నున్నది. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడుపైనను, క్షారతపైనను ఆధారపడును. ఈ రెండును బావి బావికి మారును. వేసవికి, వానకాలమునకు మారును. కనుక మోతాదు పట్టిక పుస్తకములో నున్నను, ఈ నెల ఈ బావికి ఎంత అని చెప్పువాడు ఊరిలో ఉండవలెను. పద్ధతిని కనిపెట్టినవారు రసాయన చర్యను పూర్తిగా పరిశోధించినారు. దానిని ప్రతిదినము నడుపవలసిన మనిషిని పరిశోధింపలేదు. భారమంతయు నీళ్లు మోయు స్త్రీపై పడినది. ఆమెకు అప్పటికే చాలినంత భారము కలదు.

తరువాత వచ్చిన ఉత్తేజిత అల్యూమినా గొట్టములు, ఆర్. ఓ. యంత్రములు ఈ విమర్శనుండి తప్పించుకొనలేవు. ఆర్. ఓ. యంత్రము ఫ్లోరైడును నాశనము చేయదు. ఒక చోటినుండి మరొక చోటికి త్రోయును. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న నూరు లీటర్ల నీటిలో సగము శుద్ధమై వచ్చినచో, విసర్జింపబడిన తక్కిన ఏబది లీటర్లలో దాదాపు 8 మిల్లీగ్రాముల చొప్పున ఫ్లోరైడు నిలుచును. ఆ నీరు మురుగుకాలువలో పడి నేలలో ఇంకును. పదార్థము నశింపదన్న సూత్రము పాఠశాలలో చెప్పెడిదే. దానిని యంత్రము ప్రక్కన నిలబడి జ్ఞాపకము చేసికొనవలెను.

సూచికల మాయ

ఇటీవలి కాలమున నీటి నాణ్యతపై వచ్చు సిద్ధాంత వ్యాసములలో ‘జల నాణ్యతా సూచిక’ అను లెక్క మిక్కిలి ప్రచారములో నున్నది. ఈ భావమునకు అమెరికాలో 1965లో హోర్టన్ రూపము నిచ్చెను. నీటిలోని పలు గుణములను కొలిచి, ఒక్కొక్కటి పరిమితిలో ఎన్నవ వంతో లెక్కించి, అన్నిటిని కలిపి ఒకే అంకెగా చెప్పుట దీని ఉద్దేశము. సాధారణముగా 50 లోపు వచ్చినచో ‘ఉత్తమము’, 50 నుండి 100 వరకు ‘మంచిది’ అని వర్గీకరింతురు.

ఒక ఉదాహరణము తీసికొనవచ్చును. ఒక బావినీటిలో పది గుణములు కొలిచినారనుకొందము. తొమ్మిది గుణములు పరిమితిలో సగమే యున్నవి. ఒక్కొక్కదానికి అంకె 50. పదియవది ఫ్లోరైడు, లీటరుకు 3 మిల్లీగ్రాములు. 1.5 పరిమితితో పోల్చగా దాని అంకె 200. పదింటి సగటు: 450, 200 కలిపి పదితో భాగింపగా 65. ఆ బావినీరు ‘మంచిది’ అను వర్గములో చేరినది! ఫ్లోరైడునకు తక్కినవాటికంటె హెచ్చు ప్రాముఖ్యము నిచ్చి, మొత్తము 30 భాగములలో 5 భాగములు దానికి కేటాయించినను, సగటు 75 మాత్రమే అగును. అప్పుడును అది ‘మంచిది’యే.

పరిమితికి రెండింతల ఫ్లోరైడున్న నీరు పట్టికలో మంచినీరై కూర్చున్నది. ఉప్పు తక్కువగా నున్నదన్న సుగుణము ఫ్లోరైడు చేయు కీడును తగ్గింపదు. పరీక్షలో ఒక పాఠ్యాంశమున తప్పిన విద్యార్థి తక్కిన వాటిలో మార్కులు తెచ్చుకొని సగటున గట్టెక్కవచ్చును. శరీరము అట్టి పరీక్షాధికారి కాదు. విషమువంటి పదార్థమునకు సగటు వర్తింపదు. దానిని విడిగా చూపి, పరిమితి దాటినచో తక్కిన అంకెలు ఎట్లున్నను నీరు పనికిరాదని చెప్పవలెను. నదులను ఒకదానితో నొకటి పోల్చుటకో, ఒకే నది మార్పును ఏడాదికేడాది చూచుటకో సూచిక ఉపకరింపవచ్చును. ఒక ఇంటివారు ఈ బావినీరు త్రాగవచ్చునా అన్న ప్రశ్నకు అది సమాధానము కాదు.

ఇట్టి వ్యాసములలో మరొక అలవాటు కలదు. ఒక ఋతువులో కొన్ని సీసాల నీరు తెచ్చి విశ్లేషించి, కనిష్ఠము, గరిష్ఠము, సగటు చెప్పి, ‘శుద్ధిచేసి వాడవలెను’ అని ముగింతురు. ఆ బావి లోతెంత, ఏ పొరనుండి నీరు వచ్చుచున్నది, దానిని ఎవరు త్రాగుచున్నారు, ఎవరు పొలమునకు వాడుచున్నారు అన్నవి అందు ఉండవు. ఫలితము ఆ గ్రామమునకు తెలియజేసినారో లేదో కూడ ఉండదు. రక్తపరీక్ష చేసి రోగికి చెప్పని వైద్యుని ఎవరును మెచ్చరు. నీటిపరీక్షకును ఇదే న్యాయము వర్తింపవలెను.

పరిమితి విషయమునను ఆలోచన అవసరము. శరీరమునకు చేరునది గాఢత కాదు, మోతాదు. అమెరికాలో గెలగన్, వెర్మిలియన్ 1957లోనే త్రాగునీటిలో ఫ్లోరైడు ఎంత ఉండవలెనన్నది ఆ ప్రాంతపు ఉష్ణోగ్రతను బట్టి నిర్ణయింపవలెనని చూపినారు. వేడి ప్రదేశపు మనిషి ఎక్కువ నీరు త్రాగును. 1.5 మిల్లీగ్రాముల నీటిని రోజుకు ఒకటిన్నర లీటరు త్రాగువానికి 2.25 మిల్లీగ్రాములు చేరును. మండుటెండలో కూలిపని చేసి అయిదు లీటర్లు త్రాగువానికి 7.5 చేరును. ఒకే ప్రమాణము ఇద్దరికి ఒకే రక్షణ ఇవ్వదు.

మహేశ్వరము చూపిన త్రోవ

విమర్శకు లోబడని పరిశోధన లేదు. కాని త్రోవ చూపు పరిశోధనలు కలవు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో భారత, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కలిసి పనిచేసిన భూగర్భజల పరిశోధన కేంద్రము రంగారెడ్డి జిల్లాలోని మహేశ్వరము పరీవాహక ప్రాంతమును దీర్ఘకాలము పరిశీలించినది. దీని వైశాల్యము సుమారు 53 చదరపు కిలోమీటర్లు. నీరు ఎంత ఉన్నదన్న ప్రశ్నను, ఎట్లున్నదన్న ప్రశ్నను వీరు విడదీయలేదు.

పైన శిథిలమైన మొరపు పొర, దాని క్రింద పగుళ్లువారిన గ్రానైటు – అచటి నేల కట్టడము ఇది. బోరుబావులు పగుళ్ల పొరనుండి నీరు తోడును. ఆ నీటిలో అధికభాగము వరిమళ్లకు పోవును. మడిలో నిలిచిన నీరు కొంత ఆవిరియగును. మిగిలినది తిరిగి నేలలో ఇంకి అదే పొరను చేరును. ఆవిరితో ఫ్లోరైడు పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీటిలో సగము ఆవిరియైనచో, నేల పట్టుకొనునది లెక్కింపనిచో, ఇంకెడి నీటిలో 3 మిల్లీగ్రాములుండును. దానినే మరల తోడుదురు. అంతేకాక ఆవిరియగునప్పుడు సున్నపురాయి ఏర్పడి కాల్షియము విడిపోవును. పైన చెప్పిన కళ్లెము సడలును. పెట్టెనాటి మొదలైన పరిశోధకులు 2013లో గణిత నమూనాతో ఈ క్రమమును వివరించినారు.

దీని సారమేమి? ఫ్లోరైడు కేవలము రాతి శాపము కాదు. రాయి దానిని ఇచ్చుచున్నది. నీటి వాడుక దానిని కూడబెట్టుచున్నది. విచ్చలవిడిగా తోడుట, తోడినదానిని మడిలో ఎండబెట్టుట, మిగిలినదానిని మరల తోడుట – ఈ చక్రము తిరిగినకొలది నీరు చిక్కబడును. కనుక నీటి నాణ్యత, నీటి యాజమాన్యము రెండు శాఖలు కావు. ఏ పంట వేయవలెను, ఎంత తోడవలెను, చెరువును నింపి వాననీటిని ఎట్లు ఇంకింపవలెను అన్నవి రసాయనశాస్త్ర ప్రశ్నలు కూడ. విశ్వవిద్యాలయములలో ఇవి వేరువేరు భవనములలో బోధింపబడుచున్నవి. నేలక్రింద వాటి నడుమ గోడలు లేవు.

నదీజలము వచ్చిన పిమ్మట

పరిశోధనలు ఇట్లు సాగుచుండగా ప్రజలు తమ మార్గమున తాము అడిగినారు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గమున 480 మంది అభ్యర్థులు నిలిచినారు. ఫ్లోరైడు బాధను దేశము దృష్టికి తెచ్చుటకు అది వారికి తోచిన ఉపాయము. ఓటుపత్రము పుస్తకమంత అయినది. ఎన్నో వ్యాసములు తేలేని శ్రద్ధను ఆ ఓటుపత్రము తెచ్చినదన్న మాటను శాస్త్రజ్ఞులు వినయముతో అంగీకరింపవలెను.

చివరకు పరిష్కారము బావినీటిని శుద్ధిచేయుటలో గాక నీటి ఆధారమునే మార్చుటలో లభించినది. తెలంగాణములో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముద్వారా కృష్ణా, గోదావరి జలములు శుద్ధియై గొట్టములలో గ్రామములకు చేరినవి. 2020లో కేంద్ర జలశక్తి మంత్రిత్వశాఖ లెక్కలలో తెలంగాణములో ఫ్లోరైడు పీడిత ఆవాసములు సున్న అని నమోదైనది. ఇది మిక్కిలి సంతోషింపదగిన సంగతి. అప్పటినుండి పుట్టిన బిడ్డ ఆ గొట్టపునీటినే త్రాగినచో, దాని పండ్లు, ఎముకలు తల్లిదండ్రులవలె కావు.

కాని ఈ ‘సున్న’ను సరిగా చదువవలెను. ఇది వేరు నీరు అందని ఊళ్ల సంఖ్య. నేలక్రింద ఫ్లోరైడు మొత్తము కాదు. గ్రానైటు మారలేదు. బోరుబావులు పొలములకు నీరిచ్చుచునే యున్నవి. గొట్టము పగిలిన రోజున, మోటారు చెడిన వారమున బిందె తిరిగి బోరువద్దకే పోవును. అంతకు ముందే వంగిన ఎముకలు నదీజలముతో నిటారుగా కావు. వారికి వైద్యము, ఆసరా కావలెను. సమస్య తీరినదని పరిశోధన ఇప్పుడు చేతులు దులుపుకొన్నచో, మొదటి తప్పునే తిరిగి చేసినట్లగును. ఇప్పుడు అడుగవలసిన ప్రశ్నలు వేరు: గొట్టపునీరు ఏడాదిలో ఎన్నిదినములు ఆగుచున్నది? ఆ దినములలో ఏ నీరు త్రాగుచున్నారు? 2020 తరువాత పుట్టిన పిల్లలకు శాశ్వతదంతములు వచ్చునప్పుడు వాటిపై మచ్చలున్నవా? ఈ చివరి ప్రశ్నకు సమాధానము ఏ యంత్రముకంటెను స్పష్టముగా పథకపు జయాపజయములను చెప్పును.

తరగతిగదిలో

ఈ విషయమున ఉన్నత పాఠశాలలకు ఒక స్థానము కలదు. ఊరిలోని ప్రతి బోరుబావికి ఒక సంఖ్య ఇచ్చి, దాని లోతు, వాడుక, వేసవిలోను వానల తరువాతను జరిగిన నీటిపరీక్షల ఫలితము ఒక పుస్తకములో వ్రాసి ఉంచుట పదియవ తరగతి విద్యార్థులకు సాధ్యమైన పని. గాఢత, ద్రావణీయత, సగటు, నిష్పత్తి అను పాఠములు ఆ పుస్తకములో ప్రాణము పోసికొనును. ఫలితమును పాఠశాల గోడపై తెలుగులో వ్రాసినచో, విశ్వవిద్యాలయ వ్యాసములలో సాధారణముగా లోపించిన కడపటి వాక్యము పూర్తియగును.

మొత్తముమీద ఈ పరిశోధనల చరిత్ర అపజయము కాదు, అసంపూర్ణ విజయము. వైద్యుడు ఎముకను, భూగర్భశాస్త్రజ్ఞుడు రాతిని, రసాయనశాస్త్రజ్ఞుడు నీటిచుక్కను నిజాయితీగా చూచినారు. జొన్నను చూచినవారు, వరిమడిని చూచినవారు మరికొంత దూరము పోయినారు. మిగిలినది, ఆ చుక్క బావిలోనుండి బిందెలోనికి, బిందెలోనుండి బిడ్డనోటికి పోవు త్రోవను ఆమూలాగ్రముగా చూచుట. నీటిని గూర్చిన ఏ పరిశోధన విలువనైనను కొలుచుటకు అదియే తగిన కొలబద్ద.